ఆత్మరక్షణము: చీనా ముష్టివిద్యయు, మన గరిడీయు

దొడ్డబళ్ళాపురము పేరు చెప్పగానే మనలో చాలమందికి మగ్గముల చప్పుడును, పట్టుచీరల నిగనిగయు, సమీపముననే యున్న ఘాటి సుబ్రహ్మణ్యేశ్వరుని జాతరయు జ్ఞప్తికి వచ్చును. చరిత్రకారులకు మాత్రము ఈ యూరు వేఱొక కారణమున జ్ఞాపకముండును. పదునెనిమిదవ శతాబ్ది ప్రథమార్ధమున, శిరా సుబేదారీ క్రింద ఈ ప్రాంతము జాగీరుగా నున్నప్పుడు, అబ్బాసు కులీఖాన్ అను జాగీరుదారు ఇద్దరు పసివాండ్రను నగారాలో నుంచి, దానిపై దెబ్బలు వేయించి హింసించెను. ఆ పిల్లల తండ్రి ఫతే మహమ్మదు అంతకుముందే పోరులో కూలిపోయి యుండెను. చచ్చినవాని సొత్తు రాబట్టుకొనుటకు జాగీరుదారు పన్నిన యుపాయమది. పెద్దవానికి సుమారు తొమ్మిదేండ్లు, చిన్నవానికి ఏడేండ్లు. ఆ చిన్నవాడే తరువాత మైసూరు రాజ్యమును చేజిక్కించుకొన్న హైదరలీ. 1810లో ప్రథమ సంపుటము వెలువడిన మార్క్ విల్క్స్ దొరగారి దక్షిణదేశ చరిత్రలో ఈ వృత్తాంతము కలదు.

ఆ నగారాలోని బాలునకు ఎంత సాము వచ్చియున్నను ఏమి ప్రయోజనము? ఏడేండ్లవాని పిడికిలి జాగీరుదారుని బంట్లను ఆపగలదా? ఆ తల్లియు పిల్లలును ఉన్నదంతయు పోగొట్టుకొని, బెంగళూరిలోని మేనమామ నాశ్రయించి బ్రదుకు నిలుపుకొనిరి. వారిని కాపాడినది బంధువు తెఱచిన తలుపు. ఆత్మరక్షణమును గూర్చి వ్రాయబూని ఈ కథతో మొదలుపెట్టుటకు కారణము కలదు. ఏ విద్య ఎంతవరకు కాపాడునో, ఎక్కడ కాపాడజాలదో తెలిసికొనుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విచారణకు ప్రేరణము మన యిండ్లలోనే కలిగినది. మన పిల్లలు సాయంకాలములందు కుంగ్ ఫూ, కరాటే తరగతులకు పోవుచున్నారు. మన ఆడపిల్లలు, కోడండ్రు కొందరు బట్టల కర్మాగారములలో పనిచేసి ప్రొద్దుగ్రుంకిన తరువాత బస్సు దిగి నడచి వచ్చుచున్నారు. ఎక్కడనో అనంతపురము, కడప ప్రాంతములనుండి తాతముత్తాతల నాడు వచ్చి యిక్కడ స్థిరపడిన కుటుంబములు మనవి. చుట్టుప్రక్కలవారితో అన్నదమ్ములవలె కలసియున్నను, పరభాషాప్రాంతమున నున్నవానికి తన పిల్లల రక్షణమును గూర్చి ఒక పాలు ఎక్కువ చింత యుండుట సహజము. అందువలన తలిదండ్రులు మమ్ము తఱచుగా అడుగుచుందురు: “ఈ చీనా విద్య నేర్చినచో బిడ్డ తన్ను తాను కాపాడుకొనగలదా?” అని.

దీనికి ఊరిలో రెండు సిద్ధమైన సమాధానములు వినవచ్చును. మొదటిది గర్వముతో కూడినది: “అది చీనావారిదెక్కడ? మన దక్షిణదేశమునుండి పోయిన బోధిధర్ముడే వారికి నేర్పినాడు” అని. రెండవది చలనచిత్రముల నుండి వచ్చినది: “ఆ విద్య వచ్చినవానికి పదిమంది యెదురైనను లెక్క లేదు” అని. ఈ రెండింటిని చరిత్రమను జల్లెడతో జల్లించి చూతము. అసలు కుంగ్ ఫూ అను మాటకు చీనా భాషలో, కాలము వెచ్చించి శ్రమపడి సంపాదించిన నేర్పు అని అర్థము. ఆ లెక్కకు ముప్పదియేండ్లు మగ్గముమీద కూర్చున్నవాని నేర్పుగూడ కుంగ్ ఫూయే.

మొదట బోధిధర్ముని సంగతి. ఆయనను పేర్కొనిన గ్రంథములలో మిక్కిలి పాతది 547లో వెలసిన లోయాంగు నగర విహారముల వర్ణనము. అందు ఆయన పారసీక దేశపు భిక్షువని యున్నది. తరువాతి గ్రంథములలో దక్షిణభారతమున ఒక రాజునకు మూడవ కుమారుడని కనబడును. రెండింటిలో ఏది నిజమైనను, ఆయన ధ్యానమార్గమును బోధించినాడని యున్నదే కాని, కొట్లాట నేర్పినట్లు ఆ ప్రాచీన గ్రంథములలో లేదు. ఆయన రచించినదని చెప్పబడు కండరముల వ్యాయామ గ్రంథము 1624 నాటిది. ముష్టివిద్య ఆయనవలననే పుట్టినదను మాట జనబాహుళ్యములో వ్యాపించినది యిరువదవ శతాబ్ది ఆరంభమున ఒక చీనా నవల ప్రచారములోనికి వచ్చిన తరువాతనే. చీనా పండితుడు టాంగ్ హావో 1930 ప్రాంతముననే ఈ విషయమును పరిశోధించి, ఈ కథకు ఆధారము లేదని తేల్చెను. షావోలిన్ విహారమునకు భారతదేశముతో సంబంధము లేకపోలేదు. ఐదవ శతాబ్ది చివర ఆ విహారమునకు మొదటి అధిపతి బాటువో అను భారతీయ భిక్షువు. ఆ సత్యము మనకు చాలును. లేనిదానిని తెచ్చి అతికించుకొనవలసిన పని లేదు.

ఇక ఆ విహారపు భిక్షువులు నిజముగా ఆయుధము పట్టిరా? పట్టిరి. 621లో లోయాంగు వద్ద సింహాసనమునకై జరిగిన పోరులో, తరువాత చక్రవర్తి యైన లీ షిమిన్‌కు వారు సహాయపడిరి. అందులకు గుర్తుగా 728లో ఆ విహారమున శిలాశాసనము నిలుపబడినది. మరల 1553లో తీరప్రాంతములను దోచుచుండిన సముద్రపు దొంగలతో పోరాడుటకు భిక్షువులు పోయిరి. అయితే వారి ప్రసిద్ధి పిడికిలివలన వచ్చినది కాదు; కఱ్ఱవలన వచ్చినది. పదునేడవ శతాబ్ది ఆరంభమున అక్కడ నేర్చుకొన్న చెంగ్ జోంగ్‌యూ అను నాతడు వ్రాసిన పుస్తకము కఱ్ఱసామును గూర్చినదే. ఈ సంగతి తెలిసిన తెలుగువానికి నవ్వు రాకపోదు. మన పల్లెలలో పశువులకాపరి చేతిలోని కఱ్ఱ, కావలివాని చేతిలోని కఱ్ఱ, దసరాకును పీర్లపండుగకును వీధిలో త్రిప్పెడి కఱ్ఱ, షావోలిన్ కఱ్ఱ, ఇవన్నియు ఒక యవసరమునుండి పుట్టినవే. ఎవరు ఎవరికి నేర్పిరను తగవు అవసరము లేదు.

ముష్టివిద్య యుపయోగమును గూర్చి చీనాదేశములోనే మిక్కిలి నమ్మదగిన సాక్షి ఒకడు గలడు. ఆయన చీ జిగ్వాంగ్ అను సేనాపతి (1528-1588). సముద్రపు దొంగలను తీరమునుండి తరిమినవాడు. ఆయన 1560లో రచించిన సైన్యశిక్షణ గ్రంథమున, అప్పటి పేరుపొందిన అనేక సంప్రదాయములనుండి ఏరిన ముప్పదిరెండు ముష్టి భంగిమలను బొమ్మలతోగూడ పొందుపఱచెను. అంత శ్రద్ధతో వ్రాసినవాడు దాని విలువను ఎట్లు కట్టెనో చూడుడు. పెద్ద యుద్ధములో వట్టి చేతుల విద్య పనికి వచ్చునట్లు కనబడదు. కాని కాలుసేతులు చక్కగా కదలుటకును, శరీరము శ్రమకు అలవాటుపడుటకును, తక్కిన ఆయుధవిద్యలలో ప్రవేశించుటకును అది మొదటి వాకిలి అని ఆయన అభిప్రాయము. ఆ విద్యను అమ్ముకొనువాడు కాని, వెక్కిరించువాడు కాని చెప్పిన మాట కాదిది. ప్రాణములు పణముగా నొడ్డి పరీక్షించినవాడు చెప్పిన మాట.

మఱి ఆ సేనాపతి దొంగలను ఏ బలముతో జయించెను? ఆయన యీవూ ప్రాంతపు రైతులను, గనులలో పనిచేయువారిని చేర్చుకొని, పన్నెండుగురు చొప్పున చిన్న జట్లుగా కూర్చెను. ముందు నాయకుడు, వెనుక డాళ్ళు పట్టువా రిద్దరు, కొమ్మలతోనున్న పొడుగైన వెదురుబొంగులు పట్టువా రిద్దరు, నలుగురు బల్లెములవారు, ఇద్దరు త్రిశూలముల వంటి ఆయుధములవారు, చివర వంటవాడు. వెదురుబొంగు శత్రువును దూరముగా నిలిపియుంచును, డాలు ప్రక్కవానిని కాచును, బల్లెము పొడుచును. శత్రువుల ఖడ్గవిద్య యెంత గొప్పదైనను ఈ కూటమి ముందు నిలువలేదు. ఒక్కొక్కడు మహావీరుడు కానక్కరలేదు. ఒకరినొకరు విడువకున్న చాలును. జంటగా తిరుగు చక్రవాకములవంటి పక్షుల పేరు పెట్టి ఈ వ్యూహమును చీనావారు నేటికిని చెప్పుకొందురు.

ఈ వివేకమును మఱచినప్పుడు ఏమి జరిగినదో చూపుటకు 1900 నాటి చరిత్ర యున్నది. అప్పటికి చీనాను పాశ్చాత్యరాజ్యములును జపానును పీడించుచుండెను. షాన్‌డోంగ్ ప్రాంతపు పేద పల్లెటూరివాండ్రు ముష్టివిద్యా బృందములుగా ఏర్పడి, మంత్రములు జపించి సాధనచేసినచో తుపాకిగుండు గూడ శరీరమున దూరదని నమ్మిరి. ఆంగ్లేయులు వారికి బాక్సర్లని పేరు పెట్టిరి. వారి ఆగ్రహమునకు కారణము లేకపోలేదు. ఆ నమ్మకమునకే ఆధారము లేదు. పెకింగులోని విదేశరాయబారుల నివాసములను ఏబదియైదు దినములు ముట్టడించిరి. పైన బడిన ఎనిమిది రాజ్యముల సేనల ముందు వేలకొలది యువకులు నేలకొరగిరి. ఆ సేనలలో మన బెంగళూరులో స్థావరముగల మద్రాసు సాపర్ల దళముగూడ నుండెను. దక్షిణదేశపు భాషలన్నియు వినబడు దళమది. పరాయి ప్రభుత్వము పంపగా పోయిన మనవారు ఒక వైపు, మంత్రమును నమ్మి నిలిచిన చీనా పేదలు ఒక వైపు. ఈ దృశ్యము మనకు సంతోషము కలిగించునది కాదు. కాని విద్యకు లేని శక్తిని అంటగట్టినచో, దానికి మూల్యము చెల్లించునది శిష్యుడే కాని గురువు కాడని అది బోధించుచున్నది.

ఆ పరాభవము తరువాత చీనావారు తమ విద్యను విడువలేదు. దాని స్థానమును మార్చిరి. 1910లో షాంఘాయిలో జింగ్వూ సంఘము స్థాపింపబడినది. అంతవరకు వంశమునకో, విహారమునకో, రహస్యకూటమికో పరిమితమైయున్న విద్యను అది పట్టణపు గుమాస్తాలకు, విద్యార్థులకు, స్త్రీలకుగూడ బహిరంగముగా నేర్పెను. 1920 దశకమున మలయా, సింగపూరులలో శాఖలు వెలసెను. 1928లో నాన్‌కింగులో ప్రభుత్వమే కేంద్రవిద్యాలయము నెలకొల్పెను. 1956లో తైచీ అను మెల్లని కదలికల విద్యను ఇరువదినాలుగు భంగిమలకు కుదించి జనసామాన్యమునకు అందించిరి. నేడు చీనా నగరముల తోటలలో తెల్లవారుజామున వృద్ధులు చేయుచుండునది ఆ సాధనమే. శత్రువును కొట్టుట వెనుకకు పోయి, ఆరోగ్యమును సంఘబలమును ముందుకు వచ్చినవి.

ఆత్మరక్షణమునకు ప్రత్యేకముగా పేరుపడినది దక్షిణచీనాకు చెందిన వింగ్ చున్ అను విద్య. దీనికొక గాథ కలదు. పెండ్లాడుమని బలవంతపెట్టుచున్న ఒక దుర్మార్గుని బారినుండి తప్పించుకొనుటకు వింగ్ చున్ అను కన్య యొక భిక్షుణి వద్ద నేర్చుకొన్న విద్య యిదియట. దీనిని గాథగానే గ్రహింపవలయును. కాని విద్య తీరు ఆ గాథకు సరిపోవునట్లున్నది. ఎత్తి తన్నుటలు, ఎగిరి దూకుటలు తక్కువ. ఎదుటివాని బలమును బలముతో ఎదిరింపక ప్రక్కకు మళ్ళించుట, శరీరపు నడిమిరేఖను కాచుకొనుట, దగ్గరగానున్నప్పుడు క్షణములో దెబ్బ తీయుట, ఇవి దాని లక్షణములు. దీనిని లోకమునకు తెలియజేసిన ఇప్ మాన్ (1893-1972) హాంకాంగునకు వచ్చి చేరిన తరువాత, 1950లో భోజనశాలల కార్మికుల సంఘమున పాఠములు చెప్పుట ప్రారంభించెను. ఆయన మొదటి శిష్యులు రాత్రి ప్రొద్దుపోయి పని ముగించుకొని యింటికి పోవు కూలిజనము. ఆయన శిష్యుడే బ్రూస్ లీ (1940-1973). చలనచిత్రములవలన ఈ విద్యకు మన పల్లెలదాక పేరు తెచ్చిన ఆ బ్రూస్ లీయే, సంప్రదాయ భంగిమలను మాత్రమే వల్లించుట నిజమైన కొట్లాటలో చాలదని గ్రహించి, 1967లో తన పద్ధతికి వేఱు పేరు పెట్టుకొనెను. ఎదుటివాడు పాఠములో చెప్పినట్లు చేయి చాపడని ఆయన వాదము. చలనచిత్రములను చూచి పిల్లలను తరగతికి పంపెడివారు ఈ మాటనుగూడ వినవలయును.

ఇంతసేపు పొరుగుదేశపు విద్యను పరీక్షించితిమి. ఇక మన యింటి విద్యను అదే త్రాసులో తూచుట న్యాయము. ఈ మైసూరు దేశముననే, మన భాష మాటలాడు మల్లులకు గొప్ప చరిత్ర యున్నది. జెట్టి యను మాటను మనము బలిష్ఠునకు వాడుదుము. అది జ్యేష్ఠి అను శబ్దమునుండి వచ్చినది. 1130 ప్రాంతమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మల్లులకు ఒక ప్రకరణమే కలదు. వారిలో తరగతులను, వారి ఆహారమును, సాధనమును అందు వివరించెను. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణదేశ కులముల గ్రంథమున జెట్టీలను తెలుగు మల్లులనియే వ్రాసెను. తంజావూరులో తమిళుల నడుమనున్నను వారు తెలుగు మాటలాడుదురనియు, అక్కడి రాజుల కాలమున ఖజానాకు, నగల కొట్లకు కావలి యుండిరనియు ఆయన చెప్పెను. వీరి పూర్వులు ఘూర్జరదేశపు జ్యేష్ఠిమల్లులని వారి సంప్రదాయము. ఎక్కడనుండి వచ్చినను, దక్షిణమున వారి నోట తెలుగు నిలిచినది. పరాయి ప్రాంతమున భాషను నిలుపుకొనుట యెంత కష్టమో ఎఱిగిన మనకు ఈ సంగతి చిన్నది కాదు.

విజయనగరమున మహానవమినాడు మల్లులు పోరాడుటను, దెబ్బలకు పండ్లు రాలుటను, ముఖములు చెడుటను 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ వర్ణించెను. శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి తిరిగెడివాడని చెప్పినదియు ఆయనయే. రాజు చుట్టును కావలివారు కావలసినంతమంది గలరు. ఆయన ప్రతిదినము కుస్తీ పట్టినది ఒంటరిగా శత్రువును కొట్టుటకు కాదు. దేహమును, మనస్సును వశమునం దుంచుకొనుటకు.

ఆ మహానవమి సంప్రదాయమే మైసూరు దసరాలో వజ్రముష్టి కాళగముగా నిలిచినది. విజయదశమినాడు అంతఃపుర ప్రాంగణమున గుండ్లు చేయించుకొన్న జెట్టీలు జతలుగా నిలిచి, పిడికిలికి కొమ్ముతోనో దంతముతోనో చేసిన ముండ్ల తొడుగు ధరించి పోరుదురు. మైసూరు, బెంగళూరు, చన్నపట్టణము, చామరాజనగరములనుండి మల్లులు వచ్చెదరు. ఒకని తలనుండి మొదటి నెత్తురుచుక్క కనబడగానే పోరు ఆగిపోవును. చూచువారికి అది క్రూరముగా తోచవచ్చును. కాని ఆ యాటలోని సారమంతయు ఆ ఆగుటయం దున్నది. దెబ్బ తీయుట నేర్చినవాడు, చేయి నిలుపుటగూడ నేర్చియుండవలయును.

ఇంకొక సామ్యమును చెప్పవలసియున్నది. తెలుగు జిల్లాలలో జెట్టీలు ఒళ్ళు పట్టుట, లేపనములు పూసి నరముల నొప్పులు మాన్పుట వృత్తిగా గలవారని థర్‌స్టన్ వ్రాసెను. చీనాలోను ఇదే తీరు. వోంగ్ ఫేహుంగ్ (1847-1925) అను ప్రసిద్ధ ముష్టివిద్యా గురువు దక్షిణచీనాలో వైద్యశాల నడపి, విరిగిన ఎముకలకు కట్లు కట్టెడివాడు. మన పల్లెలలోను వస్తాదు గోదాలో పట్లు నేర్పును. బెణికిన చేతిని సరిచేయును. ఎక్కడ కీలు తప్పునో ఎఱిగినవానికే దానిని ఎట్లు కూర్చవలయునో తెలియును. గాయము విలువ తెలిసినవాడు గాయపఱచుటకు తొందరపడడు. తరగతికి పంపుటకు ముందు తలిదండ్రులు గురువును ఈ ప్రశ్న అడిగినచో మంచిది: దెబ్బ తగిలిన బిడ్డకు మీరేమి చేయుదురు? అని.

అయితే మన విద్యకు మసి యంటలేదని చెప్పజాలము. టిప్పు సుల్తాను చెఱలోనుండిన జేమ్స్ స్కర్రీ అను ఆంగ్ల ఖైదీ వ్రాసిన పుస్తకము 1824లో వెలువడినది. మరణశిక్ష పడినవారి మెడలు విఱచుటకు జెట్టీలను వినియోగించిరని అందున్నది. రాజాజ్ఞకు లోబడినవారు ఏమి చేయగలరని మనము సరిపుచ్చుకొనవచ్చును. కాని భుజబలము తనంతట తాను ధర్మమువైపు నిలువదని ఒప్పుకొనక తప్పదు. దానిని ధర్మమువైపు నిలుపునది గురువు నేర్పిన క్రమశిక్షణము, చుట్టునున్న సంఘము.

ఆంధ్రదేశమున ఈ సంఘభావమునకు నిలయములు గరిడీలు, తాలింఖానాలు. ఎఱ్ఱమట్టి దున్ని నూనె కలిపిన గోదా, మూలనొక ఆంజనేయస్వామి పటము, దండీలు బస్కీలు తీయు కుఱ్ఱవాండ్రు, అరుగుమీద కూర్చుండి లెక్కించు పెద్దలు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామము నేర్పి, తరువాత సర్కసు నడపి, ఇనుపగొలుసులు త్రెంచి, ఏనుగును రొమ్ముపై నిలుపుకొని లోకమును ఆశ్చర్యపఱచిన కోడి రామమూర్తి నాయుడుగారు (మరణము 1942) అట్టి వ్యాయామ సంస్కృతికి చెందినవారే. అటువంటి బలము కోటికొకనికి గాని రాదు. కాని గరిడీకి పోయిన ప్రతివానికి ఒక లాభముండెను: వీధిలోని తక్కిన పిల్లలు తనవారగుట. ఆ వీధిలో అర్ధరాత్రి కేక వినబడినచో పదితలుపులు తెఱచుకొనెడివి. చీ జిగ్వాంగ్ పన్నెండుగురి జట్టుతో సాధించినదియు, మన గరిడీ చెప్పక చేసినదియు ఒక్కటే.

ఇప్పుడు తలిదండ్రుల ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. చీనా విద్యయైనను, మన విద్యయైనను, శ్రద్ధతో రెండుమూడేండ్లు సాధన చేసిన బిడ్డకు ఉపకరించును. పడినప్పుడు ఎముక విఱుగకుండ పడుట, చేయి పట్టుకొన్నవానినుండి విడిపించుకొనుట, ఊపిరి చెడకుండ పరుగెత్తుట, భయము కలిగినప్పుడు గొంతు పూడిపోక గట్టిగా కేకవేయుట, ఎదుటివాడు చేయి ఎత్తకముందే అపాయమును పసిగట్టి తొలగిపోవుట, ఇవి దాని నిజమైన ఫలములు. ఆయుధము పట్టినవానితోను, పదిమందితోను ఒంటరిగా తలపడుటకు ఏ విద్యయు నమ్మదగినది కాదు. అట్లు నేర్పెదమని చెప్పువాడు 1900 నాటి మంత్రమునే మరల అమ్ముచున్నాడు. తోడిబాలునితో నిజముగా పట్టు పట్టించి, విడిపించుకొనుట అభ్యసింపజేయని తరగతిలో భంగిమలు వచ్చును గాని రక్షణము రాదు.

చట్టముగూడ ఈ మితమునే చెప్పుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఆత్మరక్షణ హక్కును గూర్చి యున్న నియమములు, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వఱకుగల సెక్షనులలో నిలిచినవి. తన దేహమును, ఇతరుల దేహమునుగూడ కాపాడుకొను హక్కు ప్రతివానికి కలదు. కాని రక్షణకు అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేయు హక్కు లేదు. దసరా గోదాలో మొదటి నెత్తురుచుక్కకు చేయి ఆపిన జెట్టి యెఱిగిన ధర్మమిదియే.

నగారాలో దెబ్బలు తిన్న బాలుని కథ అసంపూర్ణముగా విడిచితిమి. ముప్పదియేండ్లు దాటిన తరువాత, 1761లో, ఆ బాలుడు హైదరలీయై సేనతో దొడ్డబళ్ళాపురము మీదికి వచ్చెను. అబ్బాసు కులీఖాన్ చెన్నపట్టణమునకు పారిపోయెను. పగ తీఱినది. కాని ఆ మధ్యకాలమున హైదరునకు బలమే దొరకినది. బలహీనులకు భయము లేని రాజ్యము దొరకలేదు. జెట్టీలచే మెడలు విఱిపించిన టిప్పు ఆయన కుమారుడే. పిల్లలకు బలము నేర్పువారు ఈ సంగతినిగూడ మనసున నుంచుకొనవలయును.

కావున మన సంఘము పెద్దలకు ఒక విన్నపము. మన భవనమున సాయంకాలము ఒక గంట, బాలురకు బాలికలకు సమానముగా, ఒక చిన్న గరిడీ నడపుదము. చీనా విద్య నేర్పగల గురువు దొరకినచో ఆయనను పిలుతము. కన్నడసోదరుల గరడిమనెలలో నేర్చిన వస్తాదు దొరకినచో ఆయననుగూడ పిలుతము. వారి పిల్లలును వచ్చి మన పిల్లలతో కలసి నేర్చుకొందురుగాక. మన యిండ్లలోని వృద్ధులలో కఱ్ఱసాము త్రిప్పినవారు, కుస్తీ పట్టినవారు ఇంకను కొందరున్నారు. వారికి జ్ఞాపకమున్న పట్ల పేర్లను, కఱ్ఱ అడుగులను వ్రాసి పెట్టుదము. రాత్రి పని ముగించి బస్సు దిగు బిడ్డలకు ఎదురుపోవుటకు ఇద్దరిద్దరు వంతులు వేసికొందము. ఈ పనికి ఎఱ్ఱమట్టి రెండు బండ్లు, నూనె కొంచెము, సాయంకాలము ఒక గంట చాలును.